ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కీలు, కాన్ఫిగ్ ఫైలు: ఏళ్ల తరబడి వాడాక

దూరంగా ఉన్న సర్వర్లలోకి భద్రంగా లాగిన్ కావడానికి వాడేది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్. దాంతో సర్వర్లలోకి పాస్‌వర్డ్ కొట్టి వెళ్లడం మానేసి చాలా ఏళ్లయింది. కీల (పాస్‌వర్డ్‌కి బదులు వాడే ఫైళ్ల జత: ప్రైవేట్ కీ మన దగ్గర, పబ్లిక్ కీ సర్వర్లో) గురించి అందరూ చెబుతారు గానీ, రోజూ చేతికి సుఖమిచ్చేది మాత్రం డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్లో ఉండే కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలే.

కీ రకం గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు, ఈడీ25519 తీసుకోండి. 2014 నాటి 6.5 వెర్షన్ నుంచీ ఉంది. 2023లో వచ్చిన 9.5 నుంచి కీలు తయారుచేసే కీజెన్ కమాండ్ అడక్కుండానే ఇదే చేసిస్తుంది. పాస్‌ఫ్రేజ్ (కీ ఫైలుకి వేసే పాస్‌వర్డ్) తప్పకుండా పెట్టండి. కీలను మెమరీలో పట్టుకునే ఏజెంట్ ప్రోగ్రాంకి ఒకసారి ఇస్తే మళ్లీ మళ్లీ అడగదు.

కీ పెట్టాక కూడా పాస్‌వర్డ్ అడుగుతోందా? ముందు పర్మిషన్లు (ఫైలుని ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు అని చెప్పే అంకెలు) చూడండి. ఫోల్డర్‌కి 700, ప్రైవేట్ కీకి 600, సర్వర్లో మన పబ్లిక్ కీ ఉండే ఆథరైజ్డ్ కీస్ ఫైలుకి 600. ప్రైవేట్ కీ 644లో (అందరూ చదవగలిగేలా) ఉంటే మన మెషీనే పెద్ద హెచ్చరిక చూపిస్తుంది. సర్వర్ వైపు తప్పు అలా బయటపడదు. అక్కడ హోం డైరెక్టరీ 775లో (గ్రూపు కూడా మార్చగలిగేలా) ఉన్నా చాలు, స్ట్రిక్ట్‌మోడ్స్ అనే సర్వర్ సెట్టింగ్ మన కీని పక్కన పెట్టేస్తుంది, మనకి ఒక్క ముక్క చెప్పదు. కారణం సర్వర్ లాగ్‌లోనే దొరుకుతుంది.

ఇక కాన్ఫిగ్. ‘హోస్ట్ వెబ్1’ అని రాసి, కింద హోస్ట్‌నేమ్, యూజర్, పోర్ట్, ఐడెంటిటీఫైల్ ఇస్తే ఎస్‌సీపీ, ఆర్‌సింక్, గిట్ లాంటి కమాండ్లన్నీ ఆ చిన్న పేరుతోనే పలుకుతాయి. చాలామంది దెబ్బతినేది ఒక్కచోట: ఇందులో మొదట కనిపించిన విలువే ఖాయం. ‘హోస్ట్ స్టార్’ (అన్ని సర్వర్లకీ వర్తించే భాగం) పైన పెట్టి అందులో యూజర్ రాస్తే, కింద వెబ్1కి వేరే యూజర్ రాసినా చెల్లదు. కాబట్టి స్టార్ ఎప్పుడూ ఫైలు చివర్నే ఉండాలి. ఏ కీ వాడాలో చెప్పే ఐడెంటిటీఫైల్ లాంటి కొన్ని మాత్రం దీనికి మినహాయింపు, అవి పోగవుతూ పోతాయి.

ఏజెంట్‌లో ఏడెనిమిది కీలుంటే ఇంకో చిక్కు. సర్వర్ మామూలుగా 6 ప్రయత్నాలకే తలుపు మూసేస్తుంది, సరైన కీకి వంతే రాదు. ‘ఐడెంటిటీస్‌ఓన్లీ యెస్’ అని ఒక్క లైను చేరిస్తే, ఐడెంటిటీఫైల్‌లో రాసిన కీనే చూపిస్తుంది, చిక్కు తీరిపోతుంది.

మధ్యలో బాస్టియన్ (లోపలి సర్వర్లకి దారిచ్చే సర్వర్) ఉంటే, దాని గుండా నేరుగా లోపలికి తీసుకెళ్లే ప్రాక్సీజంప్ సెట్టింగ్ వాడండి. మన ఏజెంట్‌ని అవతలి సర్వర్‌కీ అందించే ఏజెంట్ ఫార్వర్డింగ్ వద్దే వద్దు: ఆ బాస్టియన్‌లో రూట్ (పూర్తి అధికారం) ఉన్నవాళ్లు, మన సెషన్ నడుస్తున్నంతసేపూ మన కీ చెల్లే చోటికల్లా లాగిన్ కాగలరు.

ఏ లైను దేన్ని తొక్కేసిందో ఈ కాన్ఫిగ్ ఫైలు తనంతట తాను చెప్పదు. అది నిజంగా లోపమే. ఎస్‌ఎస్‌హెచ్ తర్వాత మైనస్ పెద్ద జీ, ఆ తర్వాత హోస్ట్ పేరు కొట్టండి. కనెక్ట్ కాకుండానే చివరికి ఖాయమైన విలువలన్నీ చూపిస్తుంది.