మిలిటరీ బిళ్ల పట్టుకుని కందుకూరు దాకా

రెండో ప్రపంచ యుద్ధం నాటి మెడల్ చేతిలో పెట్టుకుని దాని సొంతదారు ఇంటిని వెతుక్కుంటూ నెల్లూరు వైపు వచ్చేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఏ నెల్లూరు? 1945లో నెల్లూరు జిల్లా అంటే కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి కూడా అందులోవే. 1970 ఫిబ్రవరిలో వాటిని గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, వాళ్ల ఫైళ్లు మాత్రం ఏ ఊళ్లో ఉన్నాయో చెప్పడం కష్టం. లాడ్జి ఎక్కడ తీసుకోవాలన్నది దీన్ని బట్టే ఉంటుంది.

నా దగ్గరున్నది వార్ మెడల్. పాత నాణేలు అమ్మే ఒకాయన దగ్గర దొరికింది. నెల్లూరు నుంచి వచ్చిన ఇత్తడి సామాన్ల మూటలో వచ్చిందని చెప్పాడు. ఒకవైపు కిరీటంతో ఆరో జార్జి తల, రెండోవైపు డ్రాగన్ మీద నిలబడ్డ సింహం, 1939–1945 అంకెలు. వెండిది కాదు, రాగీ నికెలూ కలిపిన లోహం. బహుశా అందుకే బతికింది. మొదటి యుద్ధం నాటి వెండి మెడల్స్ ఎన్ని కంసాలి మూసలోకి పోయి మొలతాళ్లయ్యాయో! అరుదైనదేమీ కాదు కూడా. 28 రోజుల సర్వీసు ఉంటే చాలు, ఇచ్చేవాళ్లు. భారత సైన్యంలో అప్పటికి పాతిక లక్షల మంది ఉన్నారు. విచిత్రం ఏమిటంటే, బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన వాటి మీద పేర్లుండవు. మనవాళ్లకు ఇచ్చిన చాలావాటికి అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ కొట్టి ఇచ్చారు. ఆ అంచు లేకపోతే ఈ ప్రయాణమే లేదు.

కాబట్టి మెడల్‌ని చింతపండుతో గానీ పౌడరుతో గానీ తోమకండి. అక్షరాలు అరిగిపోతాయి. చీకట్లో ఫోన్ లైటు పక్కనుంచి వేసి, అంచును తిప్పుతూ ఫోటోలు తీస్తే మాసిపోయిన అంకెలు కూడా తేలతాయి. నాకు అలా ‘ఎస్‌పీఆర్’ కనిపించింది. అంటే సాపర్. పక్కనే మద్రాసు సాపర్ల యూనిట్ పేరు పొడి అక్షరాల్లో ఉంది. 1780లో మొదలైన దళం. వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, మందుపాతరలు తీయడం వీళ్ల పని. సైన్యంలో వీళ్లను తంబీలంటారు. కేంద్రం బెంగళూరులో.

పేరు ఒక్కటే ఉంది, ఇంటిపేరు లేదు. ఆ పేరు ఇక్కడ రాయను, కుటుంబం వద్దంది. మాలకొండ నరసింహస్వామి పేరు అని మాత్రం చెప్తాను. పెంచలయ్య అనగానే పెంచలకోన గుర్తొచ్చినట్టు, ఆ పేరు వినగానే ఈ వైపు వాళ్లెవరైనా ‘కందుకూరు పక్క’ అంటారు. మూట వచ్చింది నెల్లూరు నుంచి, పేరు మాలకొండది. నేను బయలుదేరింది ఈ రెండింటి ధైర్యంతోనే. దానికి ముందు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో నంబరు వెతికాను. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సర్వీసులో చనిపోయినవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. కొన్నిటికి తండ్రి పేరు, ఊరు కూడా రాసి ఉంటారు. మనవాడు అందులో లేడు. అంటే ప్రాణాలతో ఇంటికి వచ్చి ఉండాలి. ఆ మాట కొంత ఊరట, కొంత కొత్త టెన్షన్. చనిపోయినవాళ్లకు రికార్డు ఉంది, బతికొచ్చినవాళ్లను ఎవరు రాసిపెట్టారు?

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరులో దిగాను. స్టేషన్ దగ్గరి లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ రాత్రంతా రైళ్ల కూతలు. అదే డబ్బుకి మద్రాసు బస్టాండు వైపు గదులు ఇంతకన్నా నయమని తర్వాత తెలిసింది. భోజనానికి మాత్రం నెల్లూరుకి సాటి లేదు. మామిడికాయ వేసిన చేపల పులుసు ముందురోజుది ఉందా అని అడగండి, తాజాది తర్వాత చూసుకోవచ్చు. కారం దోసె నాకు కాస్త ఎక్కువైంది. ఊరు తిరగాలనుకుంటే రంగనాయకుల గుడి, పక్కనే పెన్న. ఈ పనికి మాత్రం నెల్లూరు ఒక పూటకి మించి అక్కర్లేదు.

ఒక ఆఫీసులో మెడల్ చూపిస్తే ‘మ్యూజియంకి ఇచ్చేయండి’ అని పంపేశారు. ఇంకోచోట అప్లికేషన్ రాయమన్నారు, ఎవరి పేరు మీద రాయాలో చెప్పలేదు. అడగాల్సిన చోటు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. కారణం ఉంది. యుద్ధం అయిపోగానే లక్షల మందిని ఇంటికి పంపేశారు. పదిహేనేళ్ల సర్వీసు లేనివాళ్లకు పింఛను లేదు, కాబట్టి పింఛను లిస్టుల్లో వాళ్లు కనిపించరు. అలాంటి రెండో ప్రపంచ యుద్ధ సైనికులకూ, వాళ్ల భార్యలకూ రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా ఆర్థిక సాయం ఇస్తుంది. ఆ దరఖాస్తుల్లో సర్వీసు నంబరు ఉంటుంది. మెడల్ అంచు మీద ఉండేదీ అదే. కందుకూరు 1970 నుంచి 2022 దాకా ఒంగోలు కిందే ఉంది కనక పాత కాగితాల కోసం ఒంగోలు వెళ్లాను.

వాళ్లు చిరునామా ఇవ్వలేదు. ఇవ్వకూడదు కూడా, నన్నడిగితే అదే సరైన పని. నా ఉత్తరం, మెడల్ అంచు ఫోటోలు తీసుకుని, సరిపోయే కుటుంబం ఉంటే పంపుతామన్నారు. మీరు వెళ్తే రెండు కాపీలు జెరాక్స్ తీయించుకుని, ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో రాసి ఇవ్వండి. ఒంగోలు లాడ్జీలు ఈ మూడు ఊళ్లలో డబ్బుకి న్యాయం చేసేవి. ఏసీ పనిచేసింది, అడక్కుండానే వేడినీళ్లు వచ్చాయి. ఎండాకాలంలో వెళ్లేవాళ్లు ఏసీ సంగతి తేలిగ్గా తీసుకోకండి.

ఉత్తరానికి జవాబు వచ్చేదాకా ఆగకుండా కందుకూరు చేరాను. బస్టాండు దగ్గర లాడ్జీలు కొన్నే. నాకు దొరికిన గదిలో బకెట్టు, మగ్గు, ఫ్యాను, బోలెడన్ని దోమలు. అయినా ఈ పనికి దిగాల్సిన ఊరు ఇదే. రోజంతటికీ ఆటో మాట్లాడుకోండి. నా ఆటోవాలా మెడల్ చూసి, ‘అన్నా, ఊరూరూ తిరిగితే ఎవురూ చెప్పరు. శనివారం మాలకొండకి పోదాం. అందరూ ఆడికే వస్తారు’ అన్నాడు. మాలకొండ గుడి వారంలో శనివారం ఒక్కరోజే తెరుస్తారు. చుట్టుపక్కల పల్లెల జనమంతా ఆ రోజే కొండ మీద. స్వామి దర్శనానికి క్యూ పొడుగ్గా ఉంటుంది, తెల్లవారుజామునే చేరితే మేలు. అమ్మవారి దగ్గరికి బండల మధ్య సందులోంచి దూరి వెళ్లాలి, నాలాంటి బొజ్జవాళ్లు ఊపిరి బిగబట్టక తప్పదు. చెప్పులు, కొబ్బరికాయలు చూసుకునేవాళ్లు ముందే రేటు చెప్పరు, అడిగి పెట్టుకోండి. సెల్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి.

ఆటోవాలా లెక్క నిజమైంది. ‘సాపర్’ అంటే ఎవరికీ తెలియలేదు. ‘మిలిటరీ ఆయన, మద్రాసు పటాలం, స్వామి పేరు’ అంటే నీడలో కూర్చున్న పెద్దాయన ఒకరు మూడు ఊళ్లు చెప్పాడు. మొదటి ఊళ్లో ఆ మిలిటరీ ఆయన పోలీసు శాఖలో చేశాడట. రెండో ఊళ్లో ఇల్లు చూపించారు.

ఇంటి పెద్దావిడ, ఆయన కోడలు, మెడల్ వైపు చూడనేలేదు. ‘పొలం గురించా అబ్బయ్యా?’ అంది. మాజీ సైనికులకు ఇచ్చిన పట్టాల మీద ఈ వైపు తగాదాలున్నాయట. మిలిటరీ ఆయన గురించి కొత్తవాడు అడిగాడంటే భూమి కోసమే అనుకుంటారు. పొలం కాదని నమ్మించడానికి కాఫీ చల్లారేంత సేపు పట్టింది. తర్వాత ‘ఓ, మిలిటరీ బిళ్లా!’ అంది. మట్టిమిద్దె పడగొట్టి స్లాబు వేసినప్పుడు పాత బిందెలతో పాటు అమ్మేశారట. మామగారు యుద్ధం గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. బర్మాలో వాన గురించి చెప్పేవాడు. ఎద్దుల్ని మాత్రం పటాలంలో నేర్చుకున్న ఉర్దూలో తిట్టేవాడు.

మాటల మీద ఆధారపడితే సరిపోదు కదా. ట్రంకుపెట్టెలోంచి డిశ్చార్జి బుక్కు తీయించి నంబరు అంకె అంకె సరిచూశాం. కలిసింది. పేరు స్పెల్లింగు మాత్రం బుక్కులో ఒకలా, మెడల్ మీద ఇంకోలా ఉంది. ఆ రోజుల్లో గుమాస్తాకి వినపడ్డదే పేరు. మీరూ నంబరునే నమ్ముకోండి.

చెన్నైలో ఉండే మనవడు ఫోన్లో మొదట అడిగింది ‘ఎంత పలుకుతుందండీ?’ అని. పెద్దగా పలకదని ఉన్నమాట చెప్పాను. ఎవరింట్లో ఉండాలన్న దాని మీద అన్నదమ్ముల వాటాదారుల మధ్య కాసేపు వాదన నడిచింది. చివరికి ఆయన్ని చివరి రోజుల్లో చూసుకున్న ఇంటికే అని పెద్దావిడ తేల్చేసింది. నాకు ఖర్చులు ఇస్తామన్నారు, ఉలవపాడు బంగినపల్లి కాయలతో సరిపెట్టుకున్నాను.

తిరుగు రైలుకి నెల్లూరు వెళ్లనక్కర్లేదు, సింగరాయకొండ స్టేషన్ దగ్గర. శనివారం సాయంత్రం మాలకొండ జనంతో బస్సులన్నీ కిటకిటలాడతాయి కాబట్టి ఆటోని పొద్దున్నే స్టేషన్ దాకా కలిపి మాట్లాడుకోండి.