గుండెల్లో మంటకు ఏటవాలు తలగడ: ఏ కొలత పనికొస్తుంది, ఏది డబ్బు దండగ

పడుకున్న గంటకో రెండు గంటలకో గొంతులోకి పులుపు ఎగదన్ని మెలకువ వచ్చేస్తోందా? అలాంటివాళ్లకి ఏటవాలు తలగడ, అదే వెడ్జ్ పిల్లో, నిజంగా పనికొస్తుంది. మంట పగటిపూట మాత్రమే వచ్చేవాళ్లకి దీనివల్ల ఒరిగేదేం లేదు. కొనేముందు ఈ సంగతి తేల్చుకోండి.

అన్నవాహిక పొట్టలోకి దిగేచోట ఒక కండరపు వలయం ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు అది కాస్త వదులైనా, పైకొచ్చిన యాసిడ్ తన బరువుకి తనే కిందికి దిగిపోతుంది. పడక మీద వాలగానే ఆ సాయం పోతుంది. పైగా నిద్రలో లాలాజలం ఊరడం, గుటక వేయడం రెండూ బాగా తగ్గుతాయి కాబట్టి పైకి వచ్చింది త్వరగా దిగదు, అక్కడే ఉండి కాలుస్తుంది.

మామూలు దిండ్లు మూడు పేర్చుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. తల, మెడ లేస్తాయి తప్ప ఛాతీ లేవదు. నడుం దగ్గర ఒళ్లు మడతపడి పొట్ట నొక్కుకుంటుంది, దాంతో యాసిడ్ ఇంకా ఎక్కువ ఎగదన్నుతుంది. తెల్లారేసరికి మెడ పట్టేయడం అదనం.

ఇక కొలతలు. తలవైపు ఎత్తు 15 నుంచి 20 సెంటీమీటర్లు, అంటే 6 నుంచి 8 అంగుళాలు ఉంటే చాలు. 30 సెంటీమీటర్లవి కూడా అమ్ముతారు. ఎత్తు పెరిగితే గుణం పెరుగుతుందనుకుని అదే కొంటారు, రెండు రాత్రుల తర్వాత మూలన పడేస్తారు. 60 సెంటీమీటర్ల పొడవుకి 30 ఎత్తంటే వాలు 25 డిగ్రీలు దాటుతుంది. ఒళ్లు రాత్రంతా కిందికి జారుతూనే ఉంటుంది. అదే 80 పొడవుకి 20 ఎత్తయితే 15 డిగ్రీల లోపే, హాయిగా నిద్రపడుతుంది. పొడవు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. పల్చటి అంచు తుంటి దాకా రావాలి. వీపు మధ్యలోనే ఆగిపోతే మళ్లీ మూడు దిండ్ల కథే.

పెట్టె మీద రాసిన ఎత్తుని నమ్మొద్దు. ఒకరు పడుకున్నాక ఇంకొకరు భుజాల పక్కన స్కేలు నిలబెట్టి చూడాలి. మెత్తటి ఫోమ్ అయితే 20 సెంటీమీటర్లు కాస్తా 13కి దిగిపోతుంది. అడుగున గట్టి ఫోమ్, పైన రెండు మూడు సెంటీమీటర్ల మెమరీ ఫోమ్ ఉన్న రెండు పొరల రకమే మేలు. మొత్తం మెమరీ ఫోమ్‌తో చేసినది అణిగిపోతుంది, వేడి కూడా పుట్టిస్తుంది. కొత్తలో వాసన వేస్తే కవర్ తీసి రెండు రోజులు గాలికి ఉంచండి. నీళ్లలో మాత్రం ముంచకండి, ఫోమ్ ఓ పట్టాన ఆరదు.

జారుడు పోవాలంటే నున్నటి పాలియెస్టర్ కవర్ మార్చి నూలుది వేయాలి. వెల్లకిలా పడుకునేవాళ్లు మోకాళ్ల కింద చిన్న దిండు పెట్టుకుంటే ఒళ్లు నిలబడుతుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఇంకా మంచిది. అప్పుడు పొట్ట అన్నవాహిక కన్నా కింద ఉంటుంది. కుడివైపు తిరిగితే ఈ లెక్క తలకిందులవుతుంది. ఈ తలగడకున్న పెద్ద లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది: పక్కకి తిరిగితే బరువంతా కింది భుజం మీద పడి నొప్పి పుడుతుంది. చెవికీ భుజానికీ మధ్య సందు నిండేంత పల్చటి దిండు వేసుకుంటే కొంత నయం. అప్పటికీ నొప్పి తగ్గకపోతే, లేదా బోర్లా పడుకునే అలవాటుంటే, ఇది వదిలేసి మంచం తలవైపు కోళ్ల కింద 15 సెంటీమీటర్ల దిమ్మలు పెట్టించండి. కోడు కూర్చునేలా దిమ్మలో గుంట ఉండాలి, లేకపోతే పక్కకి తొలుగుతుంది. చక్రాలున్న మంచానికి ఈ పని చేయకూడదు.

ఏటవాలు తలగడకి ఐదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు, రాత్రి తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉంచితేనే. నిండు పొట్టతో వాలితే ఏ తలగడా ఆపలేదు. యాసిడ్ ఊరడాన్ని తగ్గించే ఒమెప్రజోల్ లాంటి మాత్రలు వాడుతున్నవాళ్లు వాటిని తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుని పనిచేయడం లేదనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. ఆల్జినేట్ సిరప్ సంగతి వేరు. అది పొట్టలో ఉన్నదాని మీద తెట్టులా తేలుతుంది కాబట్టి తిన్న తర్వాతే, పడుకోబోయే ముందు తాగాలి.

మింగేటప్పుడు ముద్ద అడ్డంపడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా తలగడ కొనడం ఆపి డాక్టర్‌కి చూపించుకోండి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా, ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.