జీడిమెట్లలో మా ఫ్యాక్టరీకి చేయించిన ఉద్యోగుల సర్వే: డబ్బుకి తగ్గ పనేనా?

ముందే చెప్పేస్తున్నా, ఈ సర్వీసుకి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందో కింద రాస్తాను.

నేను జీడిమెట్లలో మందుల ట్యాబ్లెట్లు తయారుచేసే ఒక కంపెనీలో హెచ్‌ఆర్ చూస్తాను. మూడు షిఫ్టులు, కాంట్రాక్టు వాళ్లతో కలిపి 340 మంది. ఎన్నాళ్లుగానో ఒకటే గొడవ. మేమేమో చెప్పామంటాం, వాళ్లేమో మాకెవరూ చెప్పలేదంటారు. పోయినేడాది వర్షాకాలంలో షిఫ్టు బస్సు రూటు మారింది. మెయిల్ పెట్టాం, వాట్సాప్ గ్రూపులో వేశాం, నోటీసు అంటించాం. మర్నాడు పొద్దున ఐదుంపావుకి షాపూర్‌నగర్ పాత స్టాపులో 11 మంది వానలో తడుస్తూ నిలబడి ఉన్నారు. ప్యాకింగ్‌లో పనిచేసే అక్క ఒకామె అక్కడి నుంచే నాకు ఫోన్ చేసింది, ఆ గొంతు నాకింకా గుర్తుంది. ఆ రోజే మా ఎండీ గారి దగ్గరికి వెళ్లి, సార్, మనకి మనం అనుకుంటూ కూర్చుంటే లాభం లేదు, బయటివాళ్లని పిలిచి అసలు మాట ఎక్కడ ఆగిపోతోందో చూపించమందాం అని అడిగాను.

బేగంపేట నుంచి ఒక చిన్న టీమ్ వచ్చింది, నలుగురే. కంపెనీ అనుమతి లేదు కాబట్టి పేరు రాయడం లేదు. ఫీజు 2,80,000, పైన 18 శాతం జీఎస్టీ. పని ఆరు వారాలు.

మొదటి వారం నాకు అస్సలు నచ్చలేదు. వాళ్లు తెచ్చిన ప్రశ్నలు ఇంగ్లీషులో రాసుకుని తెలుగులోకి మార్చినవని చూడగానే తెలిసిపోతుంది. "మీ పైఅధికారి మిమ్మల్ని సాధికారపరుస్తున్నారా?" అని ఒకటుంది. ప్యాకింగ్ లైన్‌లో ఒకామె కాగితం నా చేతికిచ్చి, "గీ సాధికారం అంటే ఏంది మేడమ్?" అంది. నేను చెప్పలేకపోయాను. ఇంకో ప్రశ్న "సమాచారం మీకు సమయానికి, స్పష్టంగా అందుతోందా?" అని. లేటుగా వచ్చినా స్పష్టంగానే వచ్చిందనుకోండి, ఏం టిక్కు పెట్టాలి? ఇక ఐదు గడుల స్కేలు, అంటే అస్సలు కాదు నుంచి పూర్తిగా అవును దాకా ఐదింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. 1932లో రెన్సిస్ లికర్ట్ అనే ఆయన పెట్టిన పద్ధతే ఇప్పటికీ చాలా సర్వేల్లో వాడుతున్నారు, దాంట్లో తప్పు లేదు, కానీ మనవాళ్లు దేనికైనా "పర్లేదు" అంటారు కదా, ఆ పర్లేదు మూడో గడిలోకి వస్తుందా నాలుగో గడిలోకి వస్తుందా? కాగితాలన్నీ తిరగేస్తే దాదాపు అందరూ నాలుగే. పైన ఉద్యోగి నంబరు రాయమని ఒక గడి. నైట్ షిఫ్టులో క్యూఏలో, అంటే నాణ్యత చూసే విభాగంలో, ఉండేదే ఇద్దరు అమ్మాయిలు, వాళ్లు నిజం ఎలా రాస్తారు?

ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఇక్కడే వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. వాదించలేదు, ఆ కాగితాలు పక్కన పెట్టేశారు. ఉద్యోగి నంబరు తీసేశారు, ఐదుగురి కంటే తక్కువ ఉన్న టీమ్ జవాబులు విడిగా చూపించబోమని రాసిచ్చారు. టీమ్ లీడర్ గారు ఒక సంగతి చెప్పారు. చికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ల హాథార్న్ ఫ్యాక్టరీలో 1928 నుంచి 1930 దాకా 20 వేల మందికి పైగా కార్మికులతో మాట్లాడారట. మొదట్లో రాసుకెళ్లిన ప్రశ్నలే అడిగితే జనం అది వదిలేసి తమ మనసులో ఉన్నది చెప్పుకునేవారట, దాంతో ప్రశ్నలు మానేసి వినడమే పనిగా పెట్టుకున్నారట. "మేమూ అదే చేస్తాం మేడమ్" అని, రెండో వారం నుంచి క్యాంటీన్‌లో కూర్చున్నారు. రాత్రి పదింటి షిఫ్టుకీ వచ్చారు. నైట్ షిఫ్టు వాళ్లతో కూర్చుని భోజనం చేసి మాట్లాడిన బయటివాళ్లని మా ఫ్యాక్టరీలో నేనదే మొదటిసారి చూడడం.

ఇంకో పద్ధతి వాడారు, నాకు బాగా నచ్చింది. కీత్ డేవిస్ అనే అమెరికా ప్రొఫెసర్ 1953లో చెప్పిందట. కమ్యూనికేషన్ బాగుందా అని గాల్లో అడగరు. ఒకే ఒక్క కబురు తీసుకుని, అది నీకు తెలుసా, మొదట ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ అని ఒక్కొక్కరినీ అడుగుతారు. మా బస్సు రూటు కబురే తీసుకున్నారు. ఎక్కువమంది ఒకే మాట: "డ్రైవరన్న చెప్తేనే తెల్సింది." తర్వాత సెక్యూరిటీ గేటు. మెయిల్ అన్నవాళ్లు ఆఫీసు స్టాఫ్ మాత్రమే.

ఎందుకని ఆ దారి పట్టుకుని చూస్తే అంతా కళ్ల ముందే ఉంది. ఆపరేటర్లకి మెయిల్ ఐడీలే లేవు. ప్రొడక్షన్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వం, గేటు దగ్గర టోకెన్ ఇచ్చి డబ్బాలో పెట్టిస్తాం, అంటే నేను పదింటికి వేసిన వాట్సాప్ మెసేజ్ మధ్యాహ్నం రెండు దాటాక, అదీ అప్పటికి వచ్చిపడ్డ గుడ్ మార్నింగ్ ఫొటోల కింద ఎక్కడో కనిపిస్తుంది. నోటీసు బోర్డు అడ్మిన్ గుమ్మం పక్కన ఉంది, కార్మికులు వచ్చేది వెనక గేటు నుంచి. బోర్డుకి అద్దం తలుపు, తాళం, ఆ తాళంచెవి నా డ్రాయర్‌లోనే. లోపల నోటీసు ఇంగ్లీషులో. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్ల సంగతైతే మేమెప్పుడూ ఆలోచించనే లేదు. ఇది విన్న రోజు నాకు చాలా బాధేసింది, ఆరేళ్లుగా ఆ బోర్డు దగ్గర నుంచే నడుస్తున్నాను.

వాళ్లు చెప్పిన మార్పులు చిన్నవే. యూనిఫాం మార్చుకునే లాకర్ గదిలో, అద్దం పక్కన బోర్డు పెట్టించాం. తెలుగు, హిందీ, ఒడియా మూడింట్లో, పెద్ద అక్షరాలతో. షిఫ్టు మారేటప్పుడు సూపర్‌వైజర్ ఐదు నిమిషాలు నిలబెట్టి నోటితో చెప్తాడు. డ్రైవర్లకి, సెక్యూరిటీ వాళ్లకి అందరికంటే ముందు చెప్తాం, ఎలాగూ జనం అడిగేది వాళ్లనే. ఆ దసరాకి సెలవుల మార్పు అలాగే చెప్పి, తర్వాత అవే ప్రశ్నలు నేనే తిరిగి 30 మందిని అడిగాను, 26 మంది సూపర్‌వైజర్ పేరో లాకర్ బోర్డు పేరో చెప్పారు.

ఇక తగ్గిన ఆ ఒకటి. చివరి రిపోర్టు 64 పేజీల ఇంగ్లీషు పీపీటీ, మేనేజ్‌మెంట్‌కి ఏసీ గదిలో చూపించి వెళ్లిపోయారు. రాత్రిపూట నిద్ర ఆపుకుని జవాబులు చెప్పినవాళ్లకి ఏం తేలిందో చెప్పే బాధ్యత తీసుకోలేదు. చివరికి ఒక పేజీ తెలుగు కాగితం నేనే కూర్చుని రాసి లాకర్ గదిలో అంటించాను. ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చి చూడమంటే అది వేరే ఫీజు అన్నారు. ఇంత మంచి పని చేసినవాళ్లు ఈ రెండూ వదిలేయడం నాకు నిజంగా కష్టంగా అనిపించింది.

బాలానగర్ వైపు, పాశమైలారం వైపు ఉన్న హెచ్‌ఆర్ వాళ్లు ఎవరైనా ఇలాంటి టీమ్‌ని పెట్టుకునేటట్లయితే సంతకం పెట్టకముందే కొటేషన్‌లో మూడు రాయించుకోండి: ప్రశ్నలు మొదటి నుంచీ తెలుగులోనే తయారుచేయాలి, నైట్ షిఫ్టుకి కనీసం రెండుసార్లు రావాలి, తేలిన సంగతులు కార్మికులకి వాళ్ల భాషలో ఆ టీమ్ వాళ్లే నిలబడి చెప్పాలి.