పాత బండి వేలంలో పాడుకుంటే మేలా, ఇంటికాడ కొనుక్కుంటే మేలా?

ఈ నెలలోనే అయిదారుగురు అడిగారు, "అన్నా, పాత బళ్లు వేలం వేస్తన్నారంట, అందులో ఆర్‌ఎక్స్ 100 ఒకటుందంట, పాడదామా" అని. ఒకరికి ఫోన్లో, ఇంకొకరికి వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ అదే చెప్తున్నా కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా. నేను కూడా ఈమధ్యనే సరిగ్గా ఈ రెండింటి మధ్య తేల్చుకోలేక నెల రోజులు తిరిగా. ఒక పక్క నెల్లూరులో వేలానికి పెట్టిన యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు, ఇంకో పక్క ఉదయగిరి దగ్గర ఒక రిటైరైన అయ్యోరి ఇంట్లో వసారాలో గోతం కప్పి పెట్టిన యెజ్డీ రోడ్‌కింగ్. చివరికి యెజ్డీనే తెచ్చుకున్నా. అట్లని వేలం మొత్తం మోసం అని కూడా అనను, దానికి ఒక మేలు ఉంది, అది కూడా చెప్తా.

వేలం అనంగానే చాలామంది వీడియోల్లో చూసిన ఫారిన్ వేలాలే ఊహించుకుంటున్నారు. 2018లో లాస్‌వేగస్‌లో బోనమ్స్ వాళ్ల వేలంలో 1951 విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ 9,29,000 డాలర్లకి పోయింది, 2023 జనవరిలో అదే ఊర్లో మేకమ్ వాళ్ల వేలంలో 1908 నాటి హార్లే స్ట్రాప్ ట్యాంక్ 9,35,000 డాలర్లు పలికింది, అదంతా నిజమే. కానీ అలాంటి చోట బండి ఎప్పుడు తయారైంది, ఎవరెవరి చేతులు మారింది అనే చరిత్ర ముందే రాసి పెడతారు, డబ్బులు పెట్టేది ఆ చరిత్రకే. మన దగ్గర వేలం అంటే ఎక్సైజ్ కేసుల్లో పట్టుకున్నవి, స్టేషన్లో ఎవరూ వచ్చి అడగనివి, కంతులు కట్టలేదని ఫైనాన్సోళ్లు లాక్కొచ్చినవి. ఆవరణ ఖాళీ చేసుకోడానికి వేసే పాట అది, పాత బండి మీద ఇష్టంతో వేసేది కాదు. డిపాజిట్టు, ఒకటోసారి రెండోసారి మూడోసారి, ఇవన్నీ మీకు తెలిసినవే.

ధర సంగతి. వేలంలో చవగ్గా వస్తదనేది చూడ్డానికి మాత్రమే నిజం. నేను చూసిన ఆర్‌ఎక్స్‌కి సర్కారు పెట్టిన ధర 8 వేలు, అది పేపర్లో చూసి అందరూ పరిగెత్తుకొచ్చారు. పాట 43 వేలకి పోయింది, దాని మీద జీఎస్టీ, ఆ తర్వాత టాటా ఏస్ బాడుగ, ఆ తర్వాత ఇంజిన్‌లో బోరు, పిస్టన్, క్రాంక్ పని. మా మెకానిక్ బండి చూసి పాతిక వేలకి తక్కువ కాదన్నాడు. అంత ఎందుకు పెరిగిందంటే అక్కడ పాడేవాళ్లలో సగం మంది స్పేర్ల వ్యాపారం చేసేవాళ్లు, ఆర్‌ఎక్స్‌కి ట్యాంకు, కార్బ్యురేటరు, హెడ్డు విడివిడిగా ఎంత పలుకుతాయో వాళ్లకి బాగా తెలుసు, బండిగా మనకి ఎంతకి గిట్టుబాటు అవుద్దో అంతకంటే ఎక్కువే వాళ్లకి ముక్కలుగా గిట్టుబాటు అవుద్ది. యెజ్డీకి అయ్యోరి కొడుకు 65 చెప్పాడు, 58కి ఇచ్చారు, నాకు ఇంకో 14 వేలు ఖర్చయింది. అంటే ధర దగ్గర రెండూ ఇంచుమించు ఒకటే.

ఇనుము సంగతి వేరే. మన ప్రాంతంలో బండి ఎక్కడ నిలబడి ఉందనేది చాలా ముఖ్యం. నెల్లూరు, కావలి, సింగరాయకొండ వైపు ఉప్పు గాలి, దాని మీద అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆరుబయట రెండు మూడు సీజన్లు నిలబడితే మడ్‌గార్డులు చేత్తో పట్టుకుంటే రాలిపోతాయి. అదే ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు మెట్ట, గాలి పొడిగా ఉంటది, పైకప్పు కింద ఉన్న బండి ముప్పై ఏళ్లయినా చాసిస్ గట్టిగానే దొరుకుద్ది. ఇందులో ఆర్‌ఎక్స్, యెజ్డీలాంటి టూ స్ట్రోక్ బళ్లకి ఇంకో ఇబ్బంది, వీటికి క్రాంక్ కేసులో ఆయిల్ నిలవ ఉండదు, పెట్రోల్‌తో కలిసి వచ్చే ఆయిలే ఆధారం, బండి ఆగిపోతే లోపల చెమ్మ చేరి బేరింగులు తుప్పు పడతాయి. పాత బుల్లెట్టులాంటి ఫోర్ స్ట్రోక్‌కి లోపల ఆయిల్ ఉంటది కాబట్టి కొంచెం ఓర్చుకుంటది. వేలంలో స్టార్ట్ చేసి చూపించరు, ఉన్నది ఉన్నట్టు తీసుకోవాల్సిందే, అందుకే ముందు రోజు చూడనిచ్చినప్పుడు కిక్కు రాడ్‌ని చేత్తోనే మెల్లగా నొక్కి చూడండి, అసలు కదలకపోతే ఇంజిన్ పట్టేసినట్టే.

కానీ నేను తేల్చుకుంది ధర మీదా కాదు ఇనుము మీదా కాదు, కాయితం మీద. ఇంజిన్ ఎంత పోయినా డబ్బు పెడితే బాగవుద్ది, పేపరు పోతే డబ్బు పెట్టినా అవదు, నేను ఈ మాట పదేళ్లుగా చెప్తూనే ఉన్నా. సీ బుక్‌లో, అంటే ఆర్‌సీలో, ఉన్న ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలవాలి, ఇది మొదటిది. వేలానికి ముందు రోజు నేను తెల్లకాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆ ఆర్‌ఎక్స్ నంబర్లు తీసుకున్నా, చాసిస్ బాగానే ఉంది, ఇంజిన్ నంబరు కాడ మాత్రం చివరి మూడంకెలు మిగతావాటికంటే లోతుగా పడి ఉన్నాయి, చుట్టూ ఆకురాయి పెట్టి గీకిన గీతలు కాయితం మీద స్పష్టంగా వచ్చేశాయి. ఎవరు ఎప్పుడు గీకారో ఆ బండికే తెలియాలి. ఇంటికొచ్చి ఆ కాయితం టేబుల్ మీద పెట్టుకుని చాలాసేపు చూశా, ఆర్‌ఎక్స్ అంటే నాకు చిన్నప్పటి నుంచి ఎంత ఇష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు, అయినా ఆ రాత్రే వదిలేసుకున్నా. పాట రోజు ఊరికే చూడ్డానికి పోయా, డిపాజిట్టు కట్టలా.

రెండోది సంతకం. ఇక్కడే వేలానికి ఉన్న మేలు చెప్పాలి. మామూలుగా పేరు మార్చుకోవాలంటే ఫారం 29, 30 మీద పాత ఓనరు సంతకాలు కావాలి, ఆయన చనిపోయుంటే వారసులు ముందు ఫారం 31తో తమ పేరుకి మార్చుకోవాలి, పల్లెల్లో అన్నదమ్ముల పొత్తు తెగని ఇళ్లలో అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. వేలంలో కొన్నదానికి అది లేదు, ఫారం 32 పెట్టాలి, బండి చేతికొచ్చిన 30 రోజుల్లోపు, వేలం వేసిన అధికారి సంతకంతో బండి మీకే అమ్మినట్టు ధ్రువపత్రం, వేలం వెయ్యమని ఇచ్చిన ఆర్డరు కాపీ జత చెయ్యాలి. అసలు నంబరే లేని బండికి, దొంగ నంబరు అని తేలిన బండికి కూడా రూల్లో దారి ఉంది, ముందు వేలం వేసిన శాఖ పేరు మీద కొత్త నంబరు ఇచ్చి తర్వాత మన పేరుకి మారుస్తారు. అందుకే ఓనరు ఎక్కడున్నాడో తెలియని బండి ఏజెంటు దగ్గర కొనడం కంటే సరైన ఆర్డరు ఉన్న వేలం బండి నయం. కాకపోతే కండిషన్ల కాయితంలో తుక్కు కింద అమ్ముతున్నాం అని ఒక్క ముక్క ఉంటే మాత్రం దాన్ని రోడ్డు మీద తిప్పాలనే ఆశ వదిలేసుకోండి. ఇంకోటి, మనకి తమిళనాడు దగ్గర కాబట్టి వేలాల్లో టీఎన్ నంబర్లు బాగా వస్తాయి, వాటికి అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే కాయితం (ఎన్‌వోసీ), ఇక్కడ మళ్లీ టాక్సు, ఆ తిరుగుడు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు అయ్యోరి యెజ్డీ చూడండి. 1987 సీ బుక్కు, ప్లాస్టిక్ కవర్లో మడత కూడా నలక్కుండా ఉంది, మొదటి ఓనరు ఆయనే, ఆధార్‌లో పేరు, సీ బుక్‌లో పేరు ఇంటిపేరుతో సహా ఒకటే. నంబర్లు రుద్ది చూశా, రెండూ కలిశాయి. ఆయన వయసు 80 దాటింది, ప్రతి ఆదివారం కిక్కు కొట్టి పది నిమిషాలు ఇంజిన్ తిప్పేవారంట, మూడేళ్ల కింద మోకాలు నొప్పొచ్చి ఆపేశారంట. యెజ్డీకి కిక్కూ గేరూ ఒకే రాడ్డు కదా, అది ఎట్లా వెనక్కి తిప్పాలో నాకు తెలుసని చెప్పినా వినకుండా కుర్చీలోంచి లేచి చేత్తో చూపించి, "నాయనా, అవసరం అయితే నేనే ఆఫీసుకి వస్తా, సంతకానికి ఇబ్బంది పడొద్దు" అన్నారు. ఆ మాటకే నేను ఆ బండికి తలొగ్గా. నేను ఇంటికాడ కొనడమే మేలు అనేది ఇందుకు, సీ బుక్‌లో పేరున్న మనిషి ఎదురుగా కూర్చుని బండి కథ చెప్తాడు, సంతకం పెడతాడు, రేపు ఏదన్నా తేడా వస్తే ఫోన్ ఎత్తుతాడు. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయి ఉంది కాబట్టి ముందు ఫారం 25తో రెన్యూవల్, బండి చూపించడం, తర్వాత పేరు మార్పు. 20 ఏళ్లు దాటిన టూవీలర్‌కి రెన్యూవల్ ఫీజు 2025 ఆగస్టులో 2,000 చేశారు, అది అయిదేళ్లకి, ఆలస్యానికి కట్టేది, గ్రీన్ టాక్సు వేరే.

వింటేజ్ నంబరు తెచ్చుకోవచ్చు కదా అని కూడా అడుగుతున్నారు. 2021 రూల్ ప్రకారం వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, ఒరిజినల్ రూపంలో ఉండాలి, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, నంబర్లో వీఏ అక్షరాలు వస్తాయి, 10 ఏళ్లు చెల్లుద్ది. కానీ దాన్ని రోజూ తిప్పకూడదు, ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోలు, అంతే. 1985లో మొదలైన ఆర్‌ఎక్స్‌కి 2035 దాకా ఆ హోదా రాదు, 1983లో మొదలైన రాజ్‌దూత్ 350కి కూడా ఇంకా టైముంది. మైసూరు జావాలు, తొలినాళ్ల యెజ్డీలు, పాత మద్రాసు బుల్లెట్లు ఉన్నవాళ్లు చూసుకోవచ్చు. నేను మాత్రం బండి తోలడానికే కొంటా, కాబట్టి మామూలు రెన్యూవలే.

డీలర్ల దగ్గర కొత్త రంగు వేసినవి దొరుకుతాయి, రంగు కింద ఏముందో మనకి కనపడదు, ధర కూడా ఎక్కువ. ఆన్‌లైన్లో ఫోటో చూసి అడ్వాన్స్ పంపడం అసలు వద్దు.

అమ్మేవాళ్లకి మాత్రం నా మాట రివర్స్. తాత బండి, నాన్న బండి అమ్మాలనుకునేవాళ్లు మొదట వచ్చిన బేరానికి ఇచ్చేయకండి, పోటీ పెట్టండి. మా మేనమామ సింగరాయకొండలో తన రాజ్‌దూత్‌ని మొదట అడిగిన ఏజెంటుకి 12 వేలకి ఇచ్చేశాడు, అదే బండి రెండు నెలల్లో 45 వేలకి అమ్మకానికి కనపడింది. బండి ఫోటోలు, సీ బుక్కు, నంబర్లు కలుస్తున్నాయని చూపించి, ఫలానా తారీకు దాకా ఎవరెంత ఇస్తారో చెప్పమని గ్రూపుల్లో పెడితే మన బండికి ఎంత విలువుందో మనకే తెలుస్తది. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇవ్వడం మాత్రం వద్దేవద్దు, మా మామ అదే చేశాడు, ఇప్పటికీ ఆ బండి ఆయన పేరు మీదే తిరుగుతుంది. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, బండి ఎన్ని చేతులు మారినా యాక్సిడెంట్ అయితే రికార్డుల్లో పేరున్నోడే ఓనరు, బాధ్యత ఆయనదే. ఎక్కువ ఇస్తానన్న వాడికంటే రెండు వేలు తగ్గించి అడిగినా వెంటనే పేరు మార్చుకునే వాడికి ఇవ్వండి.

ఈసారి వేలానికి పెట్టిన ఆర్‌ఎక్స్ సంగతి నాకు తెలియదు, నేను చూడలా. చూడనిచ్చే రోజు పోయేవాళ్లు ఒక తెల్లకాయితం, మెత్తటి పెన్సిల్ జేబులో పెట్టుకుని పోండి, నంబర్ల మీద మట్టి ఉంటే గుడ్డతో తుడిచి రుద్దండి, ఆ కాయితం ఫోటో తీసి పంపితే నేను చూసి చెప్తా.