‘ద మార్షియన్’ నవల: తిండి లెక్క పక్కా, త్యాగం లెక్కకే పేజీలు చాలలేదు

సాహస కథల్లో ఎవరో ఒకరు మిగతావాళ్ల కోసం ప్రాణాలు పణంగా పెట్టడం మామూలే. వేరే దారి లేదని పాఠకుడు తనే లెక్కేసుకోగలిగితేనే ఆ త్యాగం మనసుకు తగులుతుంది. ఆండీ వియర్ 2011లో సొంతంగా వెలువరించిన ఈ నవలను (2014లో క్రౌన్ సంస్థ మళ్లీ వేసింది) తూచాల్సింది ఈ తక్కెడలోనే. కథ తెలియనివాళ్లు ఇక్కడే ఆగడం మంచిది.

31 రోజులు ఉండాల్సిన ఆరుగురు అంగారకుడి మీద ఆరో రోజునే తుపాను వల్ల వెనుదిరుగుతారు. చనిపోయాడనుకుని వదిలేసిన మార్క్ వాట్నీ బతికే ఉంటాడు. ఆరుగురికి 50 రోజులకు సరిపడా మిగిలిన తిండి ఒక్కడికి 300 రోజులు వస్తుంది, ముప్పావు కడుపుతో తింటే 400. తర్వాతి యాత్ర వచ్చేది నాలుగేళ్లకు. ఆ మధ్య కాలాన్ని బంగాళాదుంపలతో నెట్టుకురావాలి.

సాగుకు నీళ్లెక్కడివి? ఈ భాగమే పుస్తకానికి ప్రాణం. మిగిలిపోయిన హైడ్రజీన్ ఇంధనాన్ని ఇరిడియం లోహం మీదుగా పోనిస్తే నత్రజని, హైడ్రోజన్‌లుగా విడిపోతుంది. హైడ్రోజన్‌ను మండిస్తే నీరు. రసాయనశాస్త్రం సరిగ్గానే ఉంది. చిక్కల్లా మండకుండా గాలిలో మిగిలిపోయిన హైడ్రోజన్‌తోనే. దాన్ని వదిలించుకోవడానికి గదిలోని ఆక్సిజన్ తీసేసి, మాస్క్ పెట్టుకుని, కొంచెం కొంచెంగా మండిస్తాడు. తను వదిలే ఊపిరిలోనూ ఆక్సిజన్ ఉంటుందని మరిచిపోతాడు, పేలుడు జరుగుతుంది. మనిషి పీల్చిన ఆక్సిజన్‌లో చాలా భాగాన్ని తిరిగి వదిలేస్తాడు కాబట్టి ఈ పొరపాటు నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గది. పంట పోవడమూ అంతే: ఒకే ఎయిర్‌లాక్‌ను (లోపలి గాలి పోకుండా బయటికి వెళ్లే జంట తలుపుల గది) పదే పదే వాడటంతో దాని దగ్గరి గుడారపు గుడ్డ అలిసి చిరిగిపోతుంది. విలన్ లేడు, అరుగుదలే ఉంది.

తప్పులూ ఉన్నాయి. కథను మొదలుపెట్టే తుపానే పెద్ద తప్పు. గాలి గంటకు 175 కిలోమీటర్లట. అంగారకుడి గాలి సాంద్రత మన గాలిలో దాదాపు అరవయ్యో వంతు. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, ఆ తుపాను తోపు భూమ్మీద గంటకు 22 కిలోమీటర్ల గాలితో సమానం. రాకెట్‌ను పడగొట్టడం కాదు కదా, గొడుగును తిరగేయడమే కష్టం. 2008లో ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో కనిపెట్టిన పెర్క్లోరేట్లనే విషపు లవణాల ఊసు కూడా సాగులో లేదు. నీటితో కడిగితే పోయేవే, ఒక్క పేరా సరిపోయేది.

ఇక త్యాగం. వాట్నీది ప్రాణరక్షణ. త్యాగం చేసేది తిరిగి వెళ్తున్న ఐదుగురు. భూమి దగ్గరికి వచ్చాక దిగకుండా మరో 533 రోజులు అంతరిక్షంలో ఉండి అతన్ని తేవాలి, ఒక్కరు కాదన్నా వెళ్లకూడదు. దారిలో తిండి అందకపోతే ఏం చేయాలో కూడా వాళ్లు తేల్చుకుంటారు: అందరిలో చిన్న ఒళ్లున్న జోహాన్సెన్ ఒక్కతే బతకాలి, మిగతావాళ్లు తమంతట తాము చనిపోవాలి, వాళ్ల శరీరాలే ఆమెకు ఆహారం. ఆమె ఆ మాట తండ్రికి చెప్పే పేజీ పుస్తకం మొత్తానికీ బరువైనది. అలాంటి నిర్ణయానికి దక్కినవి కొద్ది పేజీలే. బంగాళాదుంపల మీద పెట్టినంత ఓపిక ఆ ఐదుగురి మీదా పెట్టి ఉంటే బాగుండేది.

సినిమా (2015) చూసి పుస్తకం అక్కర్లేదనుకోవద్దు. చివర్లో వాట్నీని పట్టుకోవడానికి సినిమాలో కమాండర్ లూయిస్ తనే బయటికి వెళ్తుంది. పుస్తకంలో వెళ్లేది ఐదుగురిలో ఒకడైన బెక్, బయట పనిలో తర్ఫీదు అతనిదే కనుక. సొంత చేతి తొడుగుకు చిల్లు పెట్టుకుని, చిమ్మే గాలి తోపుతో ఎగరాలన్న వాట్నీ ఆలోచనను లూయిస్ పుస్తకంలో ఒప్పుకోదు. నౌక వేగం తగ్గించడానికి మాత్రం పంచదార, ద్రవ ఆక్సిజన్‌తో చేసిన బాంబును ఎయిర్‌లాక్ తలుపుకు పెట్టి లోపలి గాలిని బయటికి వదిలేయమంటుంది.