లెన్సు ఊడని కెమెరాతో గంజాం, గజపతి జిల్లాల్లో

ఇది రాయడానికి కారణం ఒక ఐదువందల రూపాయల రసీదు. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒక సందర్శన స్థలం గేటు దగ్గర (పేరు చెప్పను, లోపలి చెట్లూ చెరువూ ఏ పాపమూ ఎరుగవు) మొబైలుకు ఉచితం, స్టిల్ కెమెరాకు 50, ప్రొఫెషనల్ కెమెరాకు 500 అని బోర్డు రాసిపెట్టారు. నా మెడలో సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 ఉంది, అది లెన్సు కెమెరాకే అతుక్కుని ఉండే బ్రిడ్జి కెమెరా. విజయనగరం నుంచి వచ్చిన మా బావగారి మెడలో లెన్సులు మార్చుకునే అసలు సిసలు డీఎస్‌ఎల్‌ఆర్ ఉంది. అయితే దానికి ఆ పూట 18-55 చిన్న లెన్సు తగిలించి, రెండు కిలోల దాకా తూగే 150-600 లెన్సును కారులోనే వదిలేశారు. కౌంటరులోని గుమాస్తా రెండు కెమెరాలనూ ఎగాదిగా చూసి, ఆయనకు 50, నాకు 500 కొట్టాడు.

మా మాట విని తెలుగులోనే జవాబిచ్చాడు: "లెన్సు ఇంత పొడుగుంటే ప్రొఫెషనల్ కిందకే వస్తుందండి." ఇది లెన్సు ఊడి వచ్చే కెమెరా కాదని, వాళ్ల బోర్డు ప్రకారం స్టిల్ కెమెరా అని చెప్పాను. "ఊడదని మాకెలా తెలుస్తుంది? పీకి చూపించండి" అన్నాడు. ఊడనిదాన్ని పీకి చూపించడమెలాగో ఆయనే సెలవివ్వాలి. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు, మా ఆవిడ మోచేత్తో పొడుస్తోంది, బావగారు మాత్రం తన 50 రూపాయల చీటీని జేబులో పెట్టుకుని ఎటో చూస్తూ నవ్వుకుంటున్నారు. చివరకు డబ్బు కట్టాను. రసీదు మీద మొత్తం వేశారు గాని కెమెరా రకం రాయలేదు. ఇటువంటి గేట్ల దగ్గర కెమెరాను ఆఫ్ చేసి, ముందుకు సాగిన గొట్టం లోపలికి ముడుచుకున్న తరువాత, ఎండ తగలకుండా పెట్టే హుడ్‌ను కూడా తీసేసి కౌంటరు ముందు నిలబడమని నా సలహా. చూపులకే రేటు కట్టేచోట చూపులే సవరించుకోవాలి.

అయినా ఆ కెమెరాను బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా మోసినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. 2017లో వచ్చిన ఈ మోడల్‌ను నేను వాడినదే 82,000 రూపాయలకు కొన్నాను. బ్యాటరీ, కార్డుతో కలిపి 1,095 గ్రాముల బరువు. ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ము ఫ్రేమంత సైజు) లెక్కలో 24 మి.మీ. వెడల్పు నుంచి 600 మి.మీ. దూరం దాకా ఒకే లెన్సు. లోపల బొమ్మను పట్టే సెన్సర్‌ను ఒక అంగుళం అంటారు గాని, నిజానికి 13.2 మి.మీ. పొడవు, 8.8 మి.మీ. వెడల్పు ఉంటుంది. సాధారణ బ్రిడ్జి కెమెరాల్లో ఉండే చిన్న సెన్సర్‌కు ఇది వైశాల్యంలో సుమారు నాలుగింతలు, ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లో ఏడో వంతుకన్నా తక్కువ. ఈ కెమెరా బలమూ బలహీనతా రెండూ ఆ కొలతల్లోనే ఉన్నాయి.

బలం కనిపించింది గంజాం జిల్లా భేట్నోయి పొలాల్లో. బరంపురం నుంచి తెల్లవారకముందే బయలుదేరి అస్కా మీదుగా వెళ్లాం, కారుకు రోజు కిరాయి 3,200 రూపాయలు. ఇక్కడ కృష్ణజింకలు కంచెలూ గేట్లూ లేకుండా ఊళ్ల పొలాల మధ్యనే తిరుగుతాయి. జింక చేలో అడుగుపెడితే శుభమని అక్కడి రైతులు తరతరాలుగా నమ్ముతున్నారు కనుక పైరు తిన్నా వాటిని కొట్టరు. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువును ఇంత స్వేచ్ఛగా చూడడానికి ఆంధ్ర సరిహద్దు దాటి రావలసి రావడం నాకు కొంచెం చిన్నతనంగానే అనిపించింది.

వరి కోసేసిన మళ్లలో పెసర వేశారు. మట్టి బాట మీద మా ముందు ఒక ట్రాక్టరు వెళ్లి ఎర్రటి దుమ్ము లేపింది. ఆ దుమ్ములో బావగారు చిన్న లెన్సు తీసి పెద్దది తగిలించడానికి తటపటాయించారు, ఎందుకంటే ఆ తెరిచిన క్షణంలో సెన్సర్ మీద ధూళి పడితే ఆ తరువాత తీసే ప్రతి ఫొటోలోనూ మచ్చ ఉంటుంది. ఆయన కారు అద్దాలు మూయించి, ఒళ్లో తువ్వాలు పరచుకుని లెన్సు మార్చేలోగా, బాటకు అడ్డంగా ఒక మంద దాటిపోయింది. నేను మంద మొత్తాన్నీ వెడల్పుగా ఒకసారి తీసి, జూమ్ లాగి, చివరన నడుస్తున్న నల్ల మగజింకను విడిగా తీయగలిగాను. తరువాత తెరమీద పెంచి చూస్తే, మెలి తిరిగిన కొమ్ముల ఉంగరాలు, కంటి చుట్టూ తెల్లని వలయం, పెదవి కొసన వేలాడుతున్న ఒక పెసరకాయ, వీపు మీద కూర్చున్న పసులపోలిగాడి రెండుగా చీలిన తోక స్పష్టంగా కనిపించాయి. ఇది సెకనుకు 24 ఫొటోలు తీయగలదు గాని, ఇంటికి వచ్చి ఏరుకునే ఓపిక ఉన్నవాళ్లే ఆ వేగం పెట్టుకోవాలి. నేను 10 దగ్గరే ఉంచుతాను.

ఒకమాట నిజాయితీగా చెప్పాలి. ఎండ పూర్తిగా పైకి రాకముందు బావగారి పెద్ద లెన్సు బయటికి వచ్చాక, ఆయన సెన్సర్ పరిమాణం వల్ల దాని చూపు 900 మి.మీ.తో సమానమైంది. ఒక జింక తల నిండుగా వచ్చిన ఆయన ఫొటో ముందు నాది తేలిపోయింది. కాని తొమ్మిది దాటిన తరువాత నేల వేడెక్కి గాలి అలలు అలలుగా కదలడం మొదలైంది. దూరం నుంచి తీసినవన్నీ ఆయనవీ నావీ ఒకేలా మసకబారాయి. అక్కడికి వెళ్లేవాళ్లు సూర్యోదయానికే పొలంలో ఉండాలి, లేదా హోటల్లో పడుకోవాలి.

చిలికకు రంభ వైపు నుంచి వెళ్లాం. రెండు గంటలకు పడవ 1,500 రూపాయలు, బేరం లేదు. 1981లో రామ్‌సర్ జాబితాకు, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకు ఎక్కిన సరస్సు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. చేతి వణుకును అరికట్టే సదుపాయం పడవ ఊగడాన్ని అరికట్టదు కనుక షట్టరు తెరిచి ఉండే సమయం సెకనులో 1,600వ వంతు దాటకుండా చక్రవాకాలను తీశాను. "అల్లుడుగారూ, పిట్టలకేనా ఫొటోలు, మనుషులకు లేవా?" అని మా అత్తగారు అన్నప్పుడు, ఎదురు బల్ల మీద కూర్చున్న ఆవిడను అక్కడికక్కడే 24 దగ్గర తీశాను.

బలహీనత బయటపడింది గజపతి జిల్లా చంద్రగిరిలో. తప్తపాణి దగ్గర గంధకపు వాసన పీల్చుకుంటూ కాసేపు ఆగి, టిబెటన్ల స్థావరం దగ్గరున్న జిరంగ్ మఠానికి సాయంత్రానికి చేరాం. 2010లో దలైలామా ప్రారంభించిన ఆ మఠం ముంగిట వెలుగున్నంతసేపూ నా కెమెరాకు తిరుగులేదు. లోపలి హాల్లో అనుమతి అడిగి తీయబోతే కథ మారింది. ఈ లెన్సు వెడల్పు కొసన ఎఫ్ 2.4 దాకా తెరుచుకుంటుంది (ఈ అంకె తగ్గేకొద్దీ లోపలికి వెలుగు ఎక్కువ వస్తుంది) గాని, కొంచెం జూమ్ చేసేసరికే ఎఫ్ 4కు పడిపోతుంది. దూరంగా ఉన్న దీపాల వరుసను దగ్గరకు లాగాలంటే ఐఎస్‌ఓ 6400కు (వెలుగుకు సెన్సర్ స్పందనను పెంచే అంకె ఇది) వెళ్లక తప్పలేదు, ఆ చీకటి భాగాలన్నీ రవ్వ చల్లినట్టు గరుకుగా వచ్చాయి. బావగారు సంచిలోంచి 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు తీసి, ఒక్క ముక్క మాట్లాడకుండా, నూనెలాంటి నునుపైన ఫొటోలు తీసుకున్నారు. బయట 80 రూపాయల థుక్పాను (టిబెటన్ల నూడుల్స్ సూపు) మొదట అనుమానంగా చూసిన అత్తగారు, మాంసం లేదని రెండుసార్లు అడిగి, తరువాత రెండో గిన్నె తెప్పించుకున్నారు.

పర్లాకిమిడిలో బస మాత్రం తలచుకుంటేనే చిరాకు. ఏసీ గది అని 1,400 తీసుకున్న లాడ్జిలో రాత్రి కరెంటు పోతే జనరేటరు మీద ఒక ఫ్యానూ ఒక లైటూ మాత్రమే తిరిగాయి, ప్లగ్గులకు కరెంటు రాలేదు. మేనేజరును అడిగితే "పొద్దున్నకి వస్తుందండి" అని పక్కకు తిరిగి పడుకున్నాడు. ఈ కెమెరా బ్యాటరీ ప్రమాణాల ప్రకారం 400 ఫొటోల దాకా వస్తుంది, జింకల వెంట పడిన రోజున అది చాలదు. అయితే పాతకాలపు మైక్రో యూఎస్‌బీ తీగతోనే కెమెరాలోని బ్యాటరీ నిండుతుంది కనుక పవర్ బ్యాంకుతో నా పని జరిగిపోయింది. ప్రత్యేకమైన ఛార్జరు గోడకు తగిలించవలసిన బావగారు ఆ రాత్రంతా లేచి లేచి స్విచ్చి నొక్కి చూశారు. ఉదయం ఆయన ముఖం చూడవలసింది.

ఆ ఉదయం రాజప్రాసాదం ముందు ఇరుకు రోడ్డు మీద నా 24 మి.మీ. ఆయన 18-55 కన్నా ఎక్కువ భవనాన్ని పట్టింది, ఆయన లెన్సు చూపు అక్కడ 27తో సమానం మరి. పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ల దుకాణంలో నాకు ఇంకా లాభం కలిగింది. ఒకాయన నిప్పుల మీద వేడి చేసిన కొమ్ము చీలికను పటకారుతో వంచి, రొయ్య బొమ్మకు మీసాలు తీరుస్తున్నాడు. ఈ లెన్సు వెడల్పు కొసన 3 సెంటీమీటర్ల దగ్గర దాకా ఫోకస్ అవుతుంది. మీసం కొసన అరం చేసిన సన్నని గీతలు కూడా పడ్డాయి, కాకపోతే హుడ్ నీడ బొమ్మ మీద పడుతుంది, తీసేయాలి. ఆ రొయ్యను 650కి కొన్నాను.

పాతది కొనదలిచినవాళ్లకు పానసోనిక్ ఎఫ్‌జెడ్1000 కూడా ఉంది. 2014లో వచ్చిన దానిలోనూ ఇదే కొలత సెన్సర్, 25 నుంచి 400 మి.మీ. లెన్సు. భేట్నోయి తప్ప ఈ దారిలో మరెక్కడా 400 దాటవలసిన అవసరం నాకు రాలేదు. నికాన్ పీ1000 లెన్సు 3000 మి.మీ. దాకా పోతుందని మురిసిపోయేవాళ్లు దాని సెన్సర్ చిన్నదని, బరువు 1,415 గ్రాములని కూడా చూసుకోవాలి. ఆ పొడుగు గొట్టంతో నేను చెప్పిన గేటుకు వెళ్తే ఎంత కొడతారో ఊహించలేను.