జైసల్మేర్, జోధ్‌పూర్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

రాజస్థాన్ కోటలు, ఎడారి చూడాలని ప్లాన్ చేసుకుంటున్నవాళ్లందరికీ ఈ జాగ్రత్త. జోధ్‌పూర్, జైసల్మేర్, బికనేర్ కలిపి ఒక ట్రావెల్ ఏజెన్సీ దగ్గర ప్యాకేజీ తీసుకుని మేం బాగా నష్టపోయాం.

అన్నిటికంటే పెద్ద మోసం ఎడారి క్యాంపు దగ్గర జరిగింది. మాకు పంపిన ఫొటోల్లో డేరా గుమ్మం ముందే ఇసుక తిన్నెలున్నాయి. వోచర్‌లో మాత్రం క్యాంపు పేరు పక్కన చిన్న అక్షరాలతో ‘లేదా అదే స్థాయి క్యాంపు’ అని వేశారు. బయలుదేరే ముందు ఫోన్ చేసి, అది నిండిపోయింది, వేరేది ఇస్తున్నాం అన్నారు. తీరా వెళ్తే రోడ్డు పక్కన రాళ్ల నేల మీద వేసిన డేరాలు! తిన్నెల దగ్గరికి జీపులో వెళ్లాలి, దానికి డబ్బు వేరే. ప్యాకేజీలో ఉందన్న ఒంటె సవారీ అలా ఒక చుట్టు తిప్పి దించేయడమే. రాత్రి వేడినీళ్లు లేవు, మనిషికి ఒక్క దుప్పటి ఇచ్చారు. జనవరిలో అక్కడ రాత్రిపూట చలి 10 డిగ్రీల కిందకు దిగిపోతుంది. అమ్మానాన్న తెల్లవార్లూ వణుకుతూనే ఉన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

జైసల్మేర్ చుట్టూ ఎటు చూసినా ఇసుకే ఉంటుందనుకోకండి. చాలాచోట్ల రాళ్లు, తుప్పలే. పెద్ద తిన్నెలు ఊరికి పడమట 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్, ఇంకా ఖూరీ లాంటి కొన్ని చోట్లే ఉన్నాయి. అందుకే క్యాంపు పేరు, మ్యాప్‌లో లొకేషన్ ముందే తీసుకోండి. క్యాంపు మార్చాల్సి వస్తే మన ఒప్పుదల కావాలని, నచ్చకపోతే డబ్బు వాపసు ఇవ్వాలని రాతలో అడగండి. నోటిమాట నమ్మొద్దు.

రెండోది దూరాలు. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ దాదాపు 280 కిలోమీటర్లు, కారులో ఐదు గంటల ప్రయాణం. మా ప్రోగ్రాంలో పొద్దున జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోట, సాయంత్రం సమ్‌లో సూర్యాస్తమయం ఒకే రోజు పెట్టారు. 1459లో రావ్ జోధా మొదలుపెట్టిన ఆ కోటలో మహళ్లు, మ్యూజియం చూడాలంటే సగం రోజైనా పడుతుంది. మమ్మల్ని పరుగులు పెట్టించి, దారిలో హస్తకళల దుకాణంలో మాత్రం తీరిగ్గా కూర్చోబెట్టారు. జైసల్మేర్ నుంచి బికనేర్ ఇంకా దూరం, 330 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మేం చేరేసరికి జునాగఢ్ కోట టికెట్ కౌంటర్ మూసేశారు. అంత దూరం వెళ్లి బయటి నుంచే చూసి రావడం ఎంత బాధో చెప్పలేను. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కు నేరుగా రైలుంది, ఊరికో కారు మాట్లాడుకోవచ్చు. నా మాట వింటే ప్యాకేజీ కంటే అదే నయం.

‘కోట లోపలే బస’ అని ఎక్కువ డబ్బు అడిగినా ఒప్పుకోకండి. 1156లో కట్టడం మొదలైన జైసల్మేర్ కోటలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. లోపల వాడిన నీళ్లు పునాదుల్లోకి ఇంకి కోట దెబ్బతింటోంది. బయట ఉంటేనే కోటకు మంచిది, పైగా మేడ మీద నుంచి కోట మొత్తం కనిపిస్తుంది.

ఎంట్రీ టికెట్లు, గైడ్, టోల్, డ్రైవర్ నైట్ చార్జీ ఎవరు కట్టాలో కూడా ముందే రాయించుకోండి. మా దగ్గర అవన్నీ అక్కడికక్కడే వసూలు చేశారు.

ఇలాంటిది మీకు జరిగితే వోచర్, చాట్‌లు, ఫొటోలు చెరిపేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చు. మేం పెట్టాం, ఏజెన్సీ నుంచి ఇంకా జవాబు రాలేదు.